కేసు మొక్కకు పొద్దుటెండ

మూడు రోజుల సెలవు తర్వాత డ్యూటీకి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ అబ్రహాము, స్టేషను పక్క వసారాలో గ్రీన్ నెట్ ఎత్తి చూసేసరికి, కోర్టుకు అప్పగించాల్సిన కేసు ప్రాపర్టీ ఒక పక్కంతా తెల్లగా కాలిపోయి ఉంది.

చేతిలోని క్యారియరు కింద పెట్టాలని కూడా తోచలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా వంగాడు. మట్టికుండీలో చిన్న పుచ్చకాయంత కాక్టస్. కాలువ వైపున్న మడతలన్నీ పచ్చదనం పోయి, ఉడికించిన బంగాళాదుంప తొక్కలా ముడుచుకున్నాయి. నడినెత్తికి కాస్త పక్కగా లేచి, నేడో రేపో విచ్చుతుందనుకున్న మొగ్గ ఎండి లవంగంలా అయింది. వేలితో తాకగానే ఊడి మట్టిలో పడింది.

దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో అందలేదు. మూడు రాత్రులు రాజమండ్రిలో కంటి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని వచ్చిన మనిషి. భార్య తబిత కంటికి కట్టు విప్పిన డాక్టరు, వెలుతురు ఒక్కసారిగా పడనివ్వకండి, నల్లద్దాలు తీయకండి అని పదేపదే చెప్పాడు. ఇంట్లో కిటికీలన్నింటికీ దుప్పట్లు కట్టి ఇక్కడికి వస్తే, ఇక్కడ ఇది.

ఈ నెలాఖరుకి అబ్రహాము రిటైరవుతున్నాడు. స్టేషను రైటరుగా ప్రాపర్టీ గది తాళం అతనిదే. ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఉన్నది ఉన్నట్టు తర్వాతి మనిషికి అప్పగిస్తేగానీ వదిలిపెట్టరు. కోడి కత్తులు, పేకముక్కలు, సారా కాచిన బిందెలు, ఇంజను లేని మోటారు సైకిళ్ళు. వాటితో ఏ పేచీ లేదు. పదేళ్ళు పడేసినా అలాగే ఉంటాయి. పేచీ అంతా ఈ ముళ్ళబంతితోనే. ఇది ఒక్కటే ఆ గదిలో ప్రాణమున్న సొత్తు.

కడియం నర్సరీలు దాటాక, కాలువ గట్టు మీద ఉన్న చిన్న స్టేషను అది. మొక్కల దొంగతనాలు అక్కడ కొత్త కాదు. ట్రాలీ ఆటోల్లో రాత్రికి రాత్రి గులాబీ అంట్లు మాయమవుతూనే ఉంటాయి. కానీ ఈ కేసు వేరు. యుగంధర్ అనే పెద్ద నర్సరీ యజమాని, తన దగ్గర ఏళ్ళ తరబడి అంట్లు కట్టిన సత్తియ్య అనే మనిషి మీద ఫిర్యాదు ఇచ్చాడు. పని మానేసి సొంతంగా నాలుగు మళ్ళు వేసుకుంటూ, తన అరుదైన కాక్టస్ ఒకటి పట్టుకుపోయాడని. పోలీసులు వెళ్ళి సత్తియ్య డాబా మీద నుంచి కుండీతో సహా పట్టుకొచ్చారు. సత్తియ్య మాట ఇంకొకటి. ఎనిమిదేళ్ళ కిందట నర్సరీలో చెత్తలో పారేసిన పిలకను ఇంటికి తెచ్చి అంటు కట్టి పెంచుకున్నాననీ, ఆ మొక్కను యజమాని ఎన్నడూ చూడలేదనీ. ఎవరి దగ్గరా రుజువు లేదు. ఫోటోలు చూస్తే అన్ని ముళ్ళబంతులూ ఒక్కలాగే ఉన్నాయి.

మేజిస్ట్రేటు గారు తెలివైన మనిషి. ఇది పూసిందా ఎప్పుడైనా అని ఇద్దరినీ విడివిడిగా అడిగారు. పూసిందన్నారు ఇద్దరూ. ఏ రంగు అని అడిగారు. ఎరుపు అన్నాడు యుగంధర్. పసుపు అన్నాడు సత్తియ్య. ఆమె రెండూ రాసుకుని, మొక్కను పోలీసులే జాగ్రత్తగా పెంచాలనీ, పూసిన రోజున ఇద్దరినీ పిలిచి ఫోటో తీసి పంపాలనీ ఆర్డరు వేసి, వేసవి సెలవులకు వెళ్ళిపోయారు. సత్తియ్యకు బెయిలు వచ్చింది. వారానికి రెండుసార్లు స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలని షరతు.

అంటే, ఒక మనిషి దొంగో కాదో ఒక పువ్వు చెప్పాలి. ఆ పువ్వు పూసేలా చూడాల్సింది అబ్రహాము.

మొదట్లో తెలియక తాళం వేసిన చీకటి గదిలోనే ఉంచాడు. నెల తిరిగేసరికి మొక్క పాలిపోయి, నెత్తి భాగం గూటి కిటికీ వైపు మెడలా సాగింది. భయపడి హార్టికల్చర్ ఆఫీసరు హేమశ్రీ గారికి ఫోను చేశాడు. ఆవిడ నవ్వి, చీకట్లో ఉన్నదాన్ని తీసుకెళ్ళి ఎండలో పెట్టేరు సుమండీ, మాడిపోతుంది అన్నారు. కొంచెం కొంచెంగా అలవాటు చేయాలట. ముందు వసారా నీడ. తర్వాత పొద్దుటెండ కాసేపు. ఎండ ముదరకముందే గ్రీన్ నెట్. అది తట్టుకున్నాక ఇంకాస్త. తక్కువైతే పూయదు, ఎక్కువైతే బతకదు.

అలాగే చేశాడు. పక్క వసారాకు ఒక కొస కాలువ, రెండో కొస రోడ్డు మీది గేటు. కాలువ వైపు నుంచి వచ్చే పొద్దుటెండలో పడేలా కుండీని పెట్టి, రోజూ అందరికంటే ముందు వచ్చి నెట్ ఎత్తేవాడు. కుర్చీ వేసుకుని కూర్చుని, ఎండ చురుక్కుమనగానే దించేవాడు. ఇంట్లో గులాబీకి చెంబెడు నీళ్ళు పోయమంటే నడుం నొప్పి అనే మనిషి, దొంగసొత్తుకు సేవ చేస్తున్నాడని తబిత దెప్పింది. ఆమె అన్నది నిజమే. కానీ చాలా ఏళ్ళుగా ఆ స్టేషనులో తన చేతిలో పెట్టినదేదీ బాగుపడటం అతను చూడలేదు. ఇది బాగుపడింది. మెడ సాగడం ఆగింది. పచ్చబడింది. ఒకరోజు నెత్తి మీది నూగులోంచి మొగ్గ లేచింది.

ఇప్పుడా మొగ్గ అరచేతిలో లవంగమై ఉంది.

ఎస్సై కిరణ్ కుమార్ వచ్చాక చూపించాడు. కిరణ్ కుమార్‌ది భీమవరం. ఇంజనీరింగు చదివి పోలీసైన కుర్రవాడు. కోపంగా అరిచే రకం కాదు. మొగ్గను కాగితం మీద పెట్టించి, బ్లేడుతో నిలువుగా కోయించాడు. లోపల రేకులు ఎరుపూ కాదు, పసుపూ కాదు. పొడుగునా బూడిదరంగు.

"ప్రమాదమంటారా రైటర్ గారూ?"

"ఎండ మామూలుగా పడితే ఇలా కాలదు సార్. నెల రోజుల నుంచి అదే ఎండ."

"అయితే ఎవరో చేశారు. పువ్వు పూస్తే ఎవరి అబద్ధం బయటపడుతుందో, వాళ్ళే చేశారు. ఇద్దరిలో ఒకడు."

లెక్క సూటిగానే ఉంది. వసారాలో కెమెరా ఉంది గానీ, నెట్ కట్టిన రోజు నుంచి దాని ముందు పచ్చటి తెర తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ తప్పు కూడా తనదేనని అబ్రహాముకు అప్పుడే తట్టింది.

సెంట్రీలో ఉన్న హోంగార్డు రాముణ్ణి పిలిచారు. ఉప్పాడ జాలరి కుటుంబం అతనిది. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. సెలవులో వెళ్తూ నెట్ సంగతి అబ్రహాము అప్పజెప్పింది అతనికే. రోజూ చెప్పినట్టే పొద్దున ఎత్తాననీ, ఎండ ముదరగానే దించాననీ అన్నాడు. మొక్క దగ్గరికి ఎవరైనా వచ్చారా అని కిరణ్ కుమార్ అడిగితే, బూట్ల వైపు చూస్తూ, బయటోళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదండి అన్నాడు. సంతకానికి సత్తియ్య వచ్చాడట. నీళ్ళు తాగడానికి వసారా కొసకు వెళ్ళాడట. యుగంధర్ ఒక రోజు వచ్చి ఎస్సై గారి గదిలో కూర్చుని వెళ్ళాడట. అంతే.

ఫోను చేయగానే యుగంధర్ కారులో దిగాడు. తెల్లచొక్కా, చెమట. మొక్కను చూసి ముందు కేకలేశాడు. పోలీసు స్టేషనులో పెట్టిన మొక్కకే దిక్కు లేకపోతే మేమెవరితో చెప్పుకోవాలండీ అన్నాడు. తర్వాత వసారా మెట్టు మీద చతికిలబడి, జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నటిస్తున్నాడా అని అబ్రహాము పరకాయించి చూశాడు. తేల్చుకోలేకపోయాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నిజంగా ఏడ్చినవాళ్ళలో దొంగలూ ఉన్నారు, మంచివాళ్ళూ ఉన్నారు. మొహాలు చదవగలనన్న నమ్మకం అతనికి పోయి చాలా కాలమైంది.

యుగంధర్ వెళ్ళబోతుండగా సత్తియ్య వచ్చాడు. ఆ రోజు అతని సంతకం రోజు. పాత యజమానిని చూసి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. యుగంధర్ అతని మొహం చూడకుండానే, చేసిందంతా చేసి సంతకానికి కూడా వచ్చావా అని దాటిపోయాడు.

సత్తియ్యకు విషయం చెప్పలేదు. వసారాలోకి తీసుకెళ్ళి నెట్ ఎత్తారు, ఎలా ఉంటాడో చూద్దామని. అతను అరవలేదు. గొంతుక్కూర్చుని, కాలిన మడతల మీద గోటితో మెల్లగా గీరాడు. చుట్టూ తిరిగి అవతలి పక్క చూశాడు. చూసి తలెత్తి అబ్రహాముతో అన్నాడు.

"కుండీ తిప్పేశారండి."

"ఏంటి?"

"దీని మొహం కాలువ వైపుండాలండి. ఇప్పుడు గేటు వైపుంది. ఇదిగోండి చుక్క."

కుండీ అంచు కింద రూపాయి బిళ్ళంత సున్నం చుక్క. పట్టుకొచ్చిన రోజు నుంచీ ఉన్నదే. మట్టికుండీ మీద సున్నం మరకని అబ్రహాము దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. సత్తియ్య చెప్పుకుపోయాడు. ఇలాంటి మొక్కకు ఎండ పడే వైపు తొక్క మొద్దుబారుతుందట. నీడ వైపు లేతగా ఉంటుందట. చోటు మార్చేటప్పుడు ఏ వైపు ఎండకు అలవాటు పడిందో తెలియాలని సున్నంతో చుక్క పెడతారట. చుక్కను ఎండకే పెట్టాలి. తిప్పితే, అదే ఎండ, అంతే ఎండ, లేత చర్మం మీద పడి మాడ్చేస్తుంది. అందులోనూ రోహిణి కార్తె.

అబ్రహాముకు పొద్దుటి నుంచి అందని తేడా అప్పుడు అందింది. తన గది గుమ్మంలో నిలబడి చూస్తే మొగ్గ ఇటే కనిపించేది, గేటు వైపు. ఈ రోజు అది కాలువ వైపు కాలి ఉంది. ఇన్ని రోజులు చూసిన కళ్ళు, తిరిగిన మొక్కను పట్టుకోలేకపోయాయి. తబిత కంటికి చేసిన ఆపరేషన్ తనకు చేయించుకోవాల్సిందేమో అనుకున్నాడు.

సత్తియ్య కుండీని జాగ్రత్తగా ఎత్తి చుక్కను మళ్ళీ కాలువ వైపు పెట్టాడు. తర్వాత మొక్క నెత్తి మీద, ముదురు పక్కన, నూగులో ఆవగింజంత ఉబ్బును చూపించాడు. ఇంకో మొగ్గ లేస్తోందండి, దీన్నైనా సరిగ్గా చూస్తే కోర్టు తెరిచేసరికి పూస్తుంది అన్నాడు. అతని గొంతులో ఆశ లేదు. సంగతి చెప్పాడంతే.

వెనక నిలబడి విన్న కిరణ్ కుమార్ అబ్రహామును గదిలోకి పిలిచాడు.

"చూశారా? ఎలా కాలిందో మనకు పొద్దుటి నుంచి తెలియలేదు. వాడు చిటికెలో చెప్పాడు."

"వాడి పని అది సార్."

"అదే నేననేది. తిప్పితే కాలుతుందని తెలిసినవాడే తిప్పాలి. మనలో ఎవరికి తెలుసు? సెంట్రీకి తెలుసా, మీకు తెలుసా? తెలిసినవాళ్ళు ఇద్దరే. యుగంధర్ నా ముందు కుర్చీలో కూర్చుని నా ముందే లేచి వెళ్ళాడు. వసారాకి వెళ్ళింది వీడు."

నీళ్ళు తాగడానికి వెళ్ళాడని అబ్రహాము అన్నాడు. వెళ్ళినవాడు తిప్పడా అని కిరణ్ కుమార్ అన్నాడు. మొగ్గ ఒకటి పోయిందనీ, రెండోది కూడా పోతే ఈ కేసు ఎప్పటికీ తేలదనీ, సాక్ష్యం పాడుచేశాడు కాబట్టి బెయిలు రద్దు చేయమని ఈ సాయంత్రమే పిటిషన్ పెట్టాలనీ చెప్పాడు. సెలవుల్లో ఉండే ఇన్‌ఛార్జి కోర్టు ఉంది. మీరు టైపు చేయండి, రాముడు తోడు వెళ్తాడు, వాణ్ణి బెంచీ మీద నుంచి కదలనివ్వకండి. ఆ మాటల్లో ద్వేషమేమీ లేదు. లెక్క కుదిరిన మనిషి గొంతు అది. కుదిరిన లెక్కతో వాదించడం కోపంతో వాదించడం కంటే కష్టమని అబ్రహాముకు తెలుసు.

ఒక్క అవకాశం అడిగాడు. తాను విడిగా మాట్లాడి చూస్తానన్నాడు. ఒప్పుకుంటే మంచిదేగా అన్నాడు ఎస్సై. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాట వినడం స్టేషన్లో అందరికీ అలవాటు.

బెంచీ మీద సత్తియ్య పక్కన కూర్చున్నాడు అబ్రహాము. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కాలువ కట్టేసిన రోజులు కావడంతో అడుగున ఎండిన బురద వాసన కిటికీలోంచి వస్తోంది. సత్తియ్య చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. బ్లేడు గాట్లు, ముళ్ళ గాట్లు, వేలి చివర్లు గట్టిపడి నల్లబడి ఉన్నాయి.

"నువ్వు తిప్పావా?"

"పువ్వు పసుపండి."

"అది కాదు నేనడిగింది."

"నేను చెప్పేదీ అదేనండి. పసుపు పువ్వు పూస్తే నేను బయటపడతాను. నా చేత్తో దాన్ని నేనెందుకు మాడ్చుకుంటానండి?"

ఎస్సై గారు నమ్మడం లేదన్నాడు అబ్రహాము. కాగితం రాయమన్నారని కూడా చెప్పాడు. చెప్పకుండా రాయడం ఇష్టం లేకపోయింది. సత్తియ్య అతని వైపు చూశాడు. మొదటిసారి పట్టుకొచ్చినప్పుడు రాజమండ్రి జైల్లో ఉండి వచ్చాడు. ఆ కొద్ది రోజుల్లో అతని మళ్ళలో అంట్లకు నీళ్ళు పోసే దిక్కు లేక సగం ఎండిపోయాయి. ఇప్పుడు వెళ్తే ఈ ఎండలకు మిగిలిన సగం.

"రాసేయండి రైటరు గారూ. మీకది ఎంతసేపు. చెయ్యి అలవాటు పడ్డదే కదండీ."

ఆ మాటలో వెటకారం ఉందో లేదో తెలియలేదు. లేకపోతే ఇంకా బాధ. అబ్రహాము లేచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

చెయ్యి నిజంగానే అలవాటు పడ్డది. నంబరు, సెక్షను, ముద్దాయి పేరు, తండ్రి పేరు, ఊరు. వేళ్ళు వాటంతట అవే పోయాయి. సదరు ముద్దాయి షరతులను ఉల్లంఘించి, ఉద్దేశపూర్వకంగా, అనే దాకా వచ్చి ఆగాయి. ఉద్దేశపూర్వకంగా. ఎన్ని కాగితాల్లో ఈ మాట కొట్టి ఉంటాడో. కొట్టిన ప్రతిసారీ ఎవరి ఉద్దేశమో తనకు తెలిసినట్టే కొట్టాడు.

కళ్ళు మూసుకుని మరోసారి మొదటి నుంచీ ఆలోచించాడు. కాలడానికి ఒక్క పొద్దు చాలదు. తిప్పింది తను సెలవు పెట్టిన మొదటి రోజునే అయి ఉండాలి. ఆ రోజు సత్తియ్య సంతకం రోజు కాదు. యుగంధర్ వచ్చింది కూడా ఆ రోజు కాదు. ఆ మాట ఎస్సైకి చెప్పి చూశాడు. ఎన్ని రోజులకు కాలుతుందో చెప్పగలిగింది కూడా ఆ సత్తియ్యేగా అన్నాడు కిరణ్ కుమార్. తలుపు తీసి ఉండే వసారా, గోడ ఎత్తు నడుమంత, దూకి రాలేడా అన్నాడు. మీకు ఈ మొక్క మీద మనసు పడి చూపు సరిగ్గా ఆనడం లేదు, ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి, కాగితం మాత్రం ఇచ్చి వెళ్ళండి అని కూడా అన్నాడు. మంచిగానే అన్నాడు.

అబ్రహాము తిరిగి వచ్చి కూర్చున్నాడు. వాదించే ఓపిక అయిపోయింది. కాగితం ఇచ్చేసి ఇంటికి పోయి, దుప్పట్లు కట్టిన చీకటి గదిలో తబిత పక్కన పడుకోవచ్చు. నెలాఖరుకి తాళాలు ఇచ్చేయవచ్చు. మొక్క ఒక పక్క కాలినా ప్రాణంతో ఉంది కాబట్టి, కాల్చిన మనిషి పేరు కాగితం మీద ఉంది కాబట్టి, తన మీదికి మెమో రాదు. అంతా సర్దుకుంటుంది. సత్తియ్య ఒక్కడు లోపలికి పోతాడు.

ఉద్దేశపూర్వకంగా పక్కన కర్సరు కొట్టుకుంటోంది. మిగతాది కొట్టాడు. ప్రింటు ఇచ్చాడు. మిషను గరగరలాడి కాగితం బయటపెట్టింది.

నాలుగింటి టీ తీసుకుని రాముడు వచ్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. పిటిషన్ కాగితం అప్పుడే మిషన్లోంచి తీసి అబ్రహాము చదువుకుంటున్నాడు. రాముడు కదల్లేదు. ఈ కాగితంతో సత్తియ్యను మళ్ళీ జైలుకు పంపుతారా అండి అని అడిగాడు. పంపొచ్చు, నువ్వే తోడు వెళ్ళాలి, జీపు చూడు అన్నాడు అబ్రహాము తలెత్తకుండానే.

రాముడు వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆ కుండీ తిప్పింది నేనండి."

అబ్రహాము కాగితం కింద పెట్టాడు. టీ మీద మీగడ కట్టడం మొదలైంది. ఎవరు తిప్పమన్నారని అడిగాడు. యుగంధర్ గారేమైనా ఇచ్చారా అని అడిగాడు. అడుగుతున్నప్పుడే అది కాదని రాముడి మొహంలో తెలిసింది. ఈసారి మొహం చదవగలిగాడు.

"ఎవరూ చెప్పలేదండి. పొద్దున ఎస్సై గారడిగినప్పుడు బయటోళ్ళెవరూ ముట్టుకోలేదన్నాను. అబద్ధం కాదండి అది. లోపలోణ్ణి నేను ముట్టుకున్నాను."

"ఎందుకురా?"

రాముడు గోడకు ఆనుకున్నాడు. తర్వాత మాట తడబడకుండా, మధ్యలో ఆగకుండా చెప్పాడు.

"అది దిష్టి మొక్క అనుకున్నానండి. జెముడు మొక్క, దాని కుండీకి సున్నం చుక్క. మా ఉప్పాడలో ప్రతి గుమ్మానికీ అదే కదండీ. ముళ్ళ మొక్క కట్టి, సున్నం పెట్టి, జనం వచ్చే వైపు తిప్పి పెడతాం. చూసినోళ్ళ చూపు ముందు దాని మీద పడాలని. మీ ఇళ్ళల్లో ఇవి ఉండవు కదండీ, మీకు తెలీదని అనుకున్నాను. కోర్టు వారు ఆ మొక్కని పెంచమన్నారని తెలుసండి. కానీ దాని చుక్క కాలువ వైపు పెట్టి ఉంది. కాలువలోంచి ఎవరొస్తారండి? జనం వచ్చేది గేటులోంచి. ఇన్నాళ్ళూ తప్పుగా పెట్టుంది, అందుకే ఇట్టా అవుతోంది అనుకున్నానండి. జీపు గుంటలో పడింది. మీకు షుగరు పెరిగింది. అమ్మగారికి కన్ను పోయేదాకా వచ్చింది. రిటైరు ముందు ఎవరి కళ్ళో మీ మీద పడ్డాయని నాకు అనిపించింది. మీరు ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున్నే, నెట్ ఎత్తగానే, దణ్ణం పెట్టుకుని చుక్కని గేటు వైపు తిప్పానండి. అమ్మగారి కన్ను బాగుపడాలనే తిప్పాను. బాగుపడింది కూడా కదండీ. మీరు ఫోనులో చెప్పినప్పుడు, చూశావా అనుకున్నాను మనసులో. మొక్క తెల్లబడుతుంటే ఎవరి దిష్టో అది లాక్కుంటోందనుకున్నాను గానీ ఎండకు మాడుతోందని తెలీదండి. ఈ రోజు సత్తియ్య చెప్తుంటే స్తంభం వెనకాల ఉండి విన్నాను. అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. హోంగార్డు ఉద్యోగమండి, ఒక్క కాగితానికి ఊడిపోద్ది. ఉప్పాడలో ఇల్లు సముద్రంలో కలిసిపోయాక ఈ చొక్కా ఒక్కటే మిగిలింది నాకు. ఆ ఏడు మా అమ్మ గుమ్మానికి జెముడు మార్చడం మర్చిపోయిందండి. దానివల్లే ఇల్లు పోయిందని నేననను, సముద్రం అందరి ఇళ్ళూ తీసుకుంది. కానీ మనసు ఊరుకోదు కదండీ. ఈ చేత్తో మొక్క తిప్పి, ఇదే చేత్తో సత్తియ్యని జైలుకు తోలుకెళ్ళమంటే నా వల్ల కాదు. ఆ కాగితం చించేయండి రైటరు గారూ. కొత్తది రాయండి. రాముడనే హోంగార్డు తిప్పాడని రాయండి. కావాలనే తిప్పానని రాయండి, అది నిజమే కదా, మాడ్చాలని మాత్రం కాదు. ఎస్సై గారు ఏం చేస్తే అది. సత్తియ్య ఇంకా బెంచీ మీదే కూర్చునున్నాడు, మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. మీరు రాస్తూ ఉండండి. నేను వెళ్ళి అతనికి చెప్తాను, తిప్పింది నేనేనని."